బత్తాయి రసమూ, క్షణకాలపు విద్యుత్తూ

సూర్యాపేట బస్టాండు ముందు బత్తాయి రసం బండి కనబడితే నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. మొన్న అక్కడే కలిశాడు, కోదాడలో నా దగ్గర తెలుగు చదువుకున్న శిష్యుడొకడు. ఇప్పుడు మిర్యాలగూడ దగ్గర బత్తాయి తోట చేస్తున్నాడట.

“సార్, కరెంటుతోని పండ్లల్ల రసం ఎక్కువ తీసే మిషినున్నదంట. అప్పు చేసి పెట్టమంటరా?” అన్నాడు.

అప్పు అన్న మాట వినగానే గుండె ఝల్లుమన్నది. మా నాన్నగారికీ ఒక బత్తాయి తోట ఉండేది. బోరు ఎండిపోయి చెట్లు నరికించిన రోజున ఆయన అన్నం ముట్టలేదు. అందుచేత వారం గడువడిగి, తెలుగు పండితుడినైనా సైన్సు పుస్తకాలు ముందేసుకున్నాను.

ఈ పద్ధతిని పల్స్‌డ్ ఎలక్ట్రిక్ ఫీల్డ్ అంటారు. దీనిపై జర్మనీలో డోవెన్‌స్పెక్ అనే ఆయన 1960లలోనే పేటెంటు పొందాడు. రెండు లోహపు పలకల నడుమ పండ్ల ముక్కలనుంచి, సెంటీమీటరుకు సుమారు వెయ్యి వోల్టుల చొప్పున విద్యుత్తును సెకనులో లక్షల వంతు కాలం మాత్రమే, పదేపదే తాకిస్తారు. పండు పెద్దగా వేడెక్కదు. కణత్వచాలకు కంటికి కనబడని రంధ్రాలు పడతాయి. తరువాత పిండితే రసం సులువుగా దిగుతుంది. రసంలోని సూక్ష్మజీవులను చంపడానికైతే ఇంతకు ఇరవై నుండి నలభై రెట్ల తీవ్రత కావాలి. ఆలుగడ్డ చిప్సు కర్మాగారాలలో ఈ యంత్రాలు నేడు బాగా వాడుకలో ఉన్నాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. ఈ ఉపాయం ఆపిల్, క్యారెట్ వంటి గట్టి కండగల వాటికి బాగా అక్కరకు వస్తుంది. బత్తాయి తొనలోని రసం పలుచని తిత్తులలో ఉంటుంది. బండివాని చేతి మర కూడా దాన్ని దాదాపు పూర్తిగా దించగలదు. మన బత్తాయి కష్టం రసం రాకపోవడం కాదు, వచ్చిన రసం నిలవకపోవడం. గింజలలో, తొనల పొరలలో ఉండే చేదులేని పదార్థమొకటి రసపు పులుపు తగిలి, కొన్ని గంటలలో లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. తలుపు తెరిస్తే తీపి ఒక్కటే బయటికి వస్తుందన్న హామీ లేదు గదా!

శిష్యుడికి ఇదంతా చెప్పలేదు. “ఒక గ్లాసు రసం తీసి, మూత పెట్టి, రేపు తాగి చూడు నాయనా” అన్నాను.

మరునాడు ఫోను చేశాడు. “చేదైంది సార్.” కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

చేదును పీల్చుకునే రెజిన్లున్నాయని కూడా ఆ పుస్తకాలలోనే చదివాను. అవి చిన్న రైతుకు అందుబాటులోకి వచ్చే మార్గమేమిటో అడుగుతూ, 1950లో మైసూరులో వెలసిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు ఉత్తరం రాద్దామన్నాను. బాధ వాడిది, భాష నాది. జవాబు వచ్చేదాకా అప్పు పత్రం మీద సంతకం పెట్టనని మాట ఇచ్చాడు.

ఈ వయసులో ఒక పంతులికి దక్కే గురుదక్షిణ ఇంతకన్నా ఏముంటుంది?