పోటూ పాటూ

గుడివాడలో ఓ ఇల్లాలు. షుగరు అంచున ఉంది, బరువు తగ్గమన్నారు డాక్టరు. రోజూ పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నడక, రాత్రి అన్నం బదులు పుల్కాలు. మొదటివారమే 2 కిలోలు తగ్గింది. ఇంటిల్లిపాదికీ సంబరం!

రెండోవారం దివిసీమలో, నాగాయలంకలో చుట్టాల పెళ్లి. ఆవకాయ, అప్పడాలు, బందరు లడ్డూ... మర్నాడు ఇంటికొచ్చి మిషనెక్కితే ముల్లు కిలోన్నర పైకి! 'ఎందుకొచ్చిన నడక' అంటూ బూట్లు అటకెక్కించబోయిందామె.

నిజానికి అప్పుడు తగ్గిందీ, ఇప్పుడు పెరిగిందీ చాలావరకు నీరే. అన్నం తగ్గిస్తే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. దాని ప్రతి గ్రామునీ అంటిపెట్టుకుని సుమారు 3 గ్రాముల నీరుంటుంది. అదీ పోతుంది. పిండిపదార్థాలు, ఉప్పు పెరగ్గానే తిరిగొస్తుంది. కొత్తగా వ్యాయామం మొదలెట్టినా కండరాలు కొంత నీరు పట్టుకుంటాయి. కిలో కొవ్వు చేరాలంటే దాదాపు 7,700 కేలరీలు అదనంగా తినాలి. ఒక్క పెళ్లిభోజనంతో అయ్యేపనా! కాళ్లవాపు, ఆయాసం కూడా ఉంటే మాత్రం డాక్టరుని కలవాల్సిందే.

ఫోన్లో ఆమె గోడు విన్న నాగాయలంక పెదనాన్న నవ్వేశాడు. "పోటుకి రేవులో మెట్లు మునుగుతాయి, పాటుకి తేలతాయి. అది చూసి వరదొచ్చిందని కంగారుపడతామా అమ్మాయ్?"

ఇప్పుడామె ఆదివారం పొద్దున, పరగడుపున మాత్రమే బరువు చూసుకుంటోంది. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన పెట్టుకుంటోంది. బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి.