పథేర్ పాంచాలి

‘పాంచాలి’ అనగానే తెలుగు పాఠకునికి ద్రౌపది స్ఫురించడం సహజం. కాని ఈ నవలకు ఆమెతో సంబంధం లేదు. వంగదేశంలో పాంచాలి అనేది పాడి వినిపించే ఒక కథాగేయ ప్రక్రియ. ‘పథేర్ పాంచాలి’ అంటే బాట పాట అన్నమాట. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ (1894–1950) రచించిన ఈ నవల ‘విచిత్ర’ పత్రికలో ధారావాహికగా వెలువడి, 1929లో గ్రంథరూపం దాల్చింది. మద్దిపట్ల సూరి దీనిని తెలుగులోకి అనువదించారు.

కథ స్వల్పం. నిశ్చిందిపురం అనే పల్లె, శిథిలమైన ఒక ఇల్లు. పౌరోహిత్యంతో పొట్ట పోసుకొనే హరిహరుడు, భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపు. ఆ ఇంటినే ఆశ్రయించుకొన్న దూరపు బంధువు ఇందిర్ ఠాక్రున్ అనే వృద్ధ వితంతువు. అనేక భార్యలుగల కులీనునికిచ్చి పెళ్లిచేయగా, కాపురమంటే ఎరుగకుండానే ముసలిదైన స్త్రీ ఆమె. ఈ పూర్వవృత్తాంతం కొంత నిదానంగా నడుస్తుంది. పాఠకుడు ఓపిక పట్టాలి.

ఇందిర్ పట్ల సర్వజయ చూపిన కాఠిన్యం మనసును కలచివేస్తుంది. ఇల్లు వెడలిన ఆ వృద్ధురాలు పరుల పంచన ప్రాణం విడుస్తుంది. రచయిత సర్వజయను నిందించడు, సమర్థించడు. పిల్లలకే కడుపునిండా పెట్టలేని తల్లి ఆమె. తరువాత కాశీలో భర్తను పోగొట్టుకొని, ధనికుల ఇంట వంటమనిషిగా చేరినప్పుడు పాఠకునికి ఇందిర్ గుర్తుకు రాక మానదు.

వెదురుపొదలు, రెల్లుపూలు, ఇచ్ఛామతీ నది ఈ నవలలో కేవలం వర్ణనలు కావు. దుర్గకు తిండి, ఆట, స్నేహం అన్నీ ఆ తోపులే. రైలును చూడాలన్న కోరిక తీరకుండానే ఆ పిల్ల జ్వరంతో కన్నుమూస్తుంది.

దుర్గపై ఒకప్పుడు దొంగతనపు నింద పడింది: ఇరుగుపొరుగు వారింట బంగారు కుంకుమ భరిణ పోయింది. ఊరు విడిచే వేళ సామాను సర్దుతుండగా ఆ భరిణ అపు చేతికి దొరుకుతుంది. వాడు దానిని వెదురుపొదలోకి విసిరివేసి, ఎవరికీ చెప్పడు. కరుణరసానికి ఇంతకన్న సంయమనంగల ఘట్టం అరుదు. సత్యజిత్ రాయ్ 1955 నాటి చలనచిత్రంలో అది పూసలదండగా మారి చెరువులో పడింది. చిత్రం చూసినవారు సైతం ఈ భరిణ కోసమైనా నవల చదవాలి.