9 రోజులు, 90 వేలు

మొన్న ఒక యూనివర్సిటీ హాస్టల్లో మీటింగ్ అయిపోయాక ఒక చెల్లె నన్ను పక్కకు పిలిచింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, నువ్వు లండన్ ఎట్ల పోయినవ్? ఎన్ని పైసలైనయ్?"

గొంతు తగ్గించాల్సిన ప్రశ్న కాదది. అందరి ముందూ అడగాల్సిందే. అందుకే ఈవారం లెక్క రాస్తున్నాను, రూపాయితో సహా.

మన వాడల నుంచి విదేశం పోయినవాళ్లు లేక కాదు. దుబాయి, మస్కట్, కువైట్ పోయినవాళ్లు మా వాడలోనే పదిమంది ఉన్నారు. అందరూ అప్పు చేసి, పనికి పోయినవాళ్లే. చూడటానికి పోయి, చూసి, వాపసు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. నేను పాస్‌పోర్టుకు అప్లై చేసినప్పుడు పోలీసాయన ఎంక్వయిరీకి వస్తే వాడంతా మా ఇంటి ముందు చేరింది. ఏం కేసు అయిందోనని. పాస్‌పోర్టు కోసం వచ్చాడని చెబితే, "ఏ దేశంల పని దొరికింది బిడ్డా?" అని అడిగారు.

పని కాదు. బాబాసాహెబ్ ఉన్న ఇల్లు చూడాలి. పదో తరగతిలో ఆయన జీవితచరిత్ర చదివినప్పటి నుంచి ఉన్న కోరిక.

నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వారానికి ఐదు రోజుల పని. సెలవులు ఏడాదికి ఎన్ని ఉన్నా అమ్మ ఆస్పత్రికి, తమ్ముడి పెళ్లికి, ఊర్లో చావులకు అయిపోతాయి. కాబట్టి నేను ముందు పైసలు చూడలేదు, రోజులు చూశాను. చెల్లెలా, ఇది గుర్తు పెట్టుకో. పైసలు నెలనెలా కూడబెట్టొచ్చు. సెలవు కూడబెట్టనివ్వరు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా 5 రోజుల సెలవు. ఇటు శని, ఆది, అటు శని, ఆది. మొత్తం 9 రోజులు. 2024 ఫిబ్రవరి 10 శనివారం తెల్లవారుజామున ఎక్కాను, 18 ఆదివారం దిగాను, 19 సోమవారం ఆఫీసులో కూర్చున్నాను. చలికాలం కనుక టికెట్టు, బెడ్డు రెండూ చవక. చలికి కోటు తోటి ఉద్యోగిని దగ్గర అడిగి తీసుకున్నాను. అడగడానికి సిగ్గుపడలేదు.

9 రోజుల్లో నాలుగు దేశాలు చూపిస్తామనే ప్యాకేజీలు ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. ఒక్క ఊరు, ఒక్క పని. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది, చార్జీలు పోతాయి. మనకు రెండూ ఎక్కువ లేవు.

ఇక లెక్క. గల్ఫ్‌లో విమానం మారే టికెట్టు, రానూపోనూ 46 వేలు. వీసా ఫీజు అప్పుడు 115 పౌండ్లు, మన లెక్కలో 12 వేలు. ఇప్పుడు పెరిగింది. ఆడవాళ్ల డార్మిటరీలో ఒక బెడ్డు, 7 రాత్రులు, 15 వేలు. తిండికి, బస్సులకు కలిపి రోజుకు 15 పౌండ్లు, మొత్తం 11 వేలు. పాస్‌పోర్టు 1500. ఇన్సూరెన్సు 1500. బూట్లు, ఎయిర్‌పోర్టు చార్జీలు, చిల్లర మల్లర 3 వేలు. అన్నీ కలిపితే 90 వేలు.

ఈ 90 వేలు అప్పు కాదు. 2022 జూన్ నుంచి నెలకు 5 వేలు ఆర్.డి. కట్టాను. 18 నెలలు. వీసావాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తారు. అప్లై చేసే ముందు ఎవరి దగ్గరో రెండు లక్షలు తెచ్చి ఖాతాలో వేస్తే ఎక్కడివని అనుమానం వస్తుంది. నెలనెలా వచ్చే జీతం, నెలనెలా కట్టే చిన్న మొత్తం, అదే మన సాక్ష్యం. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. వీసా చేతికి వచ్చాకే టికెట్టు కొను. వీసా రాకపోతే ఫీజు తిరిగి ఇవ్వరు, టికెట్టు పైసలు కూడా పోగొట్టుకోవద్దు.

ఆఫీసు నుంచి సెలవు ఇచ్చినట్టు ఉత్తరం కావాలి. మా మేనేజర్ కాగితం చూసి నవ్వాడు. "లండన్‌లో మీవాళ్లు ఎవరున్నారు?" అన్నాడు. ఆయన కొడుకు, కోడలు, బావమరిది అందరూ అమెరికాలో ఉన్నారు. ఆయన పోతే ఇల్లుంటుంది, కారుంటుంది, వండిపెట్టేవాళ్లుంటారు. "ఎవ్వరూ లేరు సార్" అన్నాను. "మరి ఎందుకమ్మా అంత ఖర్చు? అరకు పోయిరా" అన్నాడు. ఉత్తరం మాత్రం నాలుగుసార్లు తిరిగాక ఇచ్చాడు.

ఆయన మాటకు కోపం వచ్చింది. తమ్ముడి మాటకు రాలేదు. వాడు ఒక్కటే అన్నాడు, "అక్కా, ఆ పైసలతోని ఇంటి మీద రేకులు మారవా?"

మారతాయి. మా ఇంటి మీద పాత రేకులు. వానకాలం మూడు చోట్ల గిన్నెలు పెడతాం. వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అమ్మే చెప్పింది, "వచ్చినంక ఏయిస్తది తియ్యి. పోనియ్యి." పోయే ముందు రోజు పుట్నాల పొడి, చింతకాయ తొక్కు, ఒట్టి తునకలు మూట కట్టింది. మాంసం ఆ దేశంలోకి రానియ్యరని చెప్పి తునకలు తీసి పెట్టాను. "గంత దూరం పోయినా మన కూడు పనికిరాదా?" అంది. ఎవరి మాంసమైనా రానియ్యరమ్మా అన్నాను. నమ్మలేదు.

లండన్‌లో బస్సు ఎక్కితే అప్పుడు 1.75 పౌండ్లు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్టు. రోజంతా తిరిగినా 5.25 దాటలేదు. బ్రిటిష్ మ్యూజియం చూడటానికి టికెట్టు లేదు. ఆయన కూర్చుని చదివింది అక్కడి రీడింగ్ రూమ్‌లోనే. అక్కడి నుంచి ఎల్‌ఎస్‌ఈ, గ్రేస్ ఇన్ నడిచి పోయేంత దూరం. ఒక్క రోజులో మూడూ నడిచాను. నేను నడిచింది బస్సు పైసలు మిగలాలని. ఆయనా చాలాసార్లు అందుకే నడిచి ఉంటాడు అనుకున్నాను.

ఎందుకంటే ఆయనవీ లెక్కపెట్టిన రోజులే, లెక్కపెట్టిన పైసలే. 1913లో కొలంబియాకు పోయింది బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద. 1916లో లండన్ వచ్చాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరింది, చదువు మధ్యలో ఆపి దేశం వచ్చేశాడు. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి పూర్తి చేయడానికి అనుమతి తీసుకుని మరీ వచ్చాడు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం దాచుకున్నాడు. షాహూ మహారాజు సాయం చేశాడు, పార్శీ మిత్రుడు నవల్ భతేనా 5000 రూపాయలు అప్పిచ్చాడు. గడువు దాటకముందే 1920లో మళ్లీ లండన్ చేరాడు. 1923లో డి.ఎస్సీ. మనం గొప్ప చదువు అంటాం. దాని వెనక ఒక అప్పు ఉంది, ఒక గడువు ఉంది.

10, కింగ్ హెన్రీస్ రోడ్. చాక్ ఫార్మ్ స్టేషన్ దగ్గర దిగి నడిచాను. 1921-22లో ఆయన ఉన్న ఇల్లు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. ఎదురుగా నిలబడి ముందు అమ్మకు వీడియో కాల్ చేశాను. గోడ మీద నీలం రంగు గుండ్రటి ఫలకం చూపించాను. పేరు చదివి వినిపించాను. అమ్మ చేతులు జోడించింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"అప్పుడు ఆయమ్మ యాడుండె బిడ్డా?"

"ఎవరు? రమాబాయమ్మనా? బొంబాయిల ఉండె."

"పిల్లగాండ్లతోని?"

"ఆఁ."

"పైసలు?"

"ఎక్కడియే... శానా తిప్పలు పడ్డది."

అమ్మ మళ్లీ ఏం అడగలేదు. వెనక గోడకు ఆనించిన నిచ్చెన, దాని పైన రేకులు కనిపిస్తున్నాయి ఫోన్లో.

ఆయన గురించి ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో లెక్కలేదు. అమ్మ అడిగిన ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. ఆ ఇంటి అద్దె ఆయన కట్టాడు. ఆయన అక్కడ ఉండగలగడానికి బొంబాయిలో ఒకామె కట్టింది. నా 90 వేలల్లో మూడు గిన్నెల నీళ్లు ఎత్తిపోసిన అమ్మ వానకాలం ఒకటి ఉంది. నేను లెక్కలో రాయలేదు.

అయితే పోవద్దా? పోవాలి. మేనేజర్ కొడుకు పోయినప్పుడు ఎవరూ రేకుల గురించి అడగరు. ఆ ప్రశ్న మనకే ఎందుకు వస్తుందో తెలియాలంటే కూడా పోవాలి. కానీ మన తరఫున ఇంట్లో ఎవరు కడుతున్నారో వాళ్ల పేరు లెక్కలో రాసి పోవాలి. వచ్చాక తీర్చాలి.

వచ్చిన నెల నుంచే మళ్లీ ఆర్.డి. మొదలుపెట్టాను. ఈసారి రేకుల కోసం. 2025 వానకాలానికి ముందే వేయించాం. మొదటి వానకు అమ్మ ఫోన్ చేసి ఏం మాట్లాడలేదు, చప్పుడు వినమని ఫోన్ పైకెత్తి పట్టుకుంది.

చెల్లెలా, నీ ప్రశ్నకు జవాబు ఇదే. 9 రోజులు, 18 నెలలు, 90 వేలు. పాస్‌పోర్టుకు ఈ నెలలోనే అప్లై చెయ్యి. మేనేజర్లు "అక్కడ మీవాళ్లు ఎవరున్నారు" అని అడిగితే నాలాగా తల దించుకోకు. మా తాత ఉండేవాడు సార్, 1921లో, కింగ్ హెన్రీస్ రోడ్‌లో, అని చెప్పు.

జై భీమ్.