పాత కారుకి రంగు వేయించాలా?

మా మారుతి 800 కి 18 ఏళ్లు. బానెట్ ఎండకి వెలిసింది, డోర్ల కింద రంగు బుడగలు లేచింది. సంక్రాంతికి కొత్తల్లుడు వస్తాడు, మొత్తం రంగు కొట్టించమని ఇంట్లో పోరు. ఉన్న డబ్బేమో మిరపకి ఎరువుల కోసం దాచింది.

టింకరింగ్ చేసే తమ్ముడు బుడగ దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే లోపలికి దిగిపోయింది. డోరు అడుగున నీళ్లు పోయే కన్నాలు మట్టితో పూడిపోయి, రేకుని తుప్పు లోపలి నుంచే తినేసిందండీ. దాని మీద లప్పం పెట్టి రంగేస్తే మళ్లీ పొంగుద్ది. వేరుకుళ్లు వచ్చిన మొక్కకి ఆకుల మీద మందు కొట్టినట్టే కదా!

అందుకే కుళ్లిన రేకు కోయించి, కొత్తది వెల్డింగ్ పెట్టించి, అంతవరకే ప్రైమరు, రంగు వేయించా. బానెట్ రేకు గట్టిదే, వదిలేశా. ఎరువుల డబ్బు చాలావరకు మిగిలింది. అల్లుడు కారెక్కాడు, ఏమీ అనలేదు.

మీ డోర్ల కింద కన్నాలు ఓసారి పుల్లతో పొడిచి చూసుకోండి.