వీపుకంటిన మట్టి

తాలీం అంటే ఉర్దూలో చదువు. మా పాతబస్తీలో మాత్రం తాలీం అంటే కుస్తీ నేర్పే జాగా. "మీవోడు పొద్దుపొద్దున్నే యాడికి పోతుండు?" అని వాడకట్టులో ఎవరైనా అడిగితే "తాలీంకు" అని ఒక్కమాటలో తేల్చేసేది మా అమ్మ. అడిగినవాళ్ళు ట్యూషన్ అనుకుంటే అనుకోనీ అన్నట్టుండేది ఆ జవాబు. కాలేజీలో మా తెలుగు సారు కోస్తా ఆయన. నేను తాలీంకు పోతానని తెలిసి, "అయితే వస్తాదువన్నమాట" అని నవ్వాడు. ఉర్దూలో ఉస్తాద్ అంటే గురువు. అదే మాట తెలుగులోకొచ్చి వస్తాదై, బలమైనవాడు, కుస్తీ పట్టేవాడు అయి కూర్చుంది. నేర్పేవాడికీ పట్టేవాడికీ తేడా చెరిగిపోయింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గురించి ఆ సారే చెప్పాడు: ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి, సర్కస్ నడిపిన మనిషి. ఆ కథలు మా ఇంట్లో చెప్తే మా నాయిన, "ఆయనకు సర్కస్ ఉండె, నీకేమున్నది?" అన్నాడు. ఆయన మదీనా దగ్గర బట్టల కొట్లో గుమాస్తా. దేన్నైనా కొలిచి చూడటం అలవాటు.

మాది లాల్‌దర్వాజ. తాలీం షాలిబండ వైపు ఒక గల్లీలో ఉండేది. నేను 1987లో, పదహారేళ్ళప్పుడు, చేరాను. పైన రేకులు, మధ్యలో గుంత, ఆ గుంతలో ఎర్రమట్టి. ఒక గోడ మీద ఆకుపచ్చ రంగుతో 'యా అలీ' అని రాసి ఉండేది. ఎదురుగా గూట్లో హనుమంతుడి పటం. ఎవరు ఎప్పుడు పెట్టారో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఫీజంటూ లేదు, మట్టిలో పోసే నూనెకు మాత్రం నెలకు పది రూపాయలిచ్చేవాళ్ళం. నూనె, పసుపు, మజ్జిగ, వేపాకు కలిపిన ఆ మట్టికి ఒక వాసన ఉంటుంది. స్నానం చేసి కాలేజీకి పోయినా పక్కన కూర్చున్నవాడికి తెలిసేది.

ఉస్తాద్‌ను మొదటిసారి చూసినప్పుడు ఈయనేనా అనుకున్నాను. బక్కపల్చటి ముసలాయన. చెవులు మాత్రం రెండూ పిసికి వదిలేసిన పిండిముద్దల్లా ఉండేవి. పట్లలో తల రుద్దుకుని రుద్దుకుని చెవులట్లా గడ్డకడతాయి. కుస్తీ పట్టినవాడిని ఎక్కడైనా చెవి చూసి గుర్తుపట్టొచ్చు. మొదటి రెండు నెలలు నన్ను ఎవరితోనూ పట్టు పట్టనియ్యలేదు. పార చేతికిచ్చాడు. ఫజర్ నమాజు అయ్యేసరికి గుంతంతా తవ్వి, గడ్డలు చిదిపి, చదును చెయ్యాలి. మర్నాటికి అది మళ్ళీ గట్టిపడేది. పక్కన పెద్దపిల్లలు దండ్లు, బైఠక్‌లు తీసేవాళ్ళు. వందలు దాటాక లెక్క కూడా ఆపేసేవాళ్ళు. నేను పార మీద వాలి చూస్తుంటే, "మియా, ఫావ్‌డా భీ కుస్తీచ్ హై" అనేవాడు ఉస్తాద్. పార కూడా కుస్తీయేనట. నడుము, భుజాలు, మణికట్లు, ఊపిరి అన్నీ దానితోనే తయారవుతాయని ఆరునెలలకు గానీ నాకు అర్థం కాలేదు.

తర్వాత 'జోర్'. అంటే సాధన కుస్తీ. దిగేముందు మట్టిని ముట్టి కళ్ళకద్దుకోవాలి, ఎదుటివాడితో చెయ్యి కలపాలి. తర్వాత ఒకరి ఒంటి మీద ఒకరు మట్టి చల్లుకోవాలి. చూసేవాళ్ళకు అది కయ్యానికి కాలుదువ్వినట్టు ఉంటుంది కానీ, చెమటకు పట్టు జారకుండా ఎదుటివాడికి మనం చేసే సాయం అది. నన్ను పట్టుకో, నేను జారిపోను, అని చెప్పడం.

ఉస్తాద్ నేర్పినవన్నీ రెండు మాటల్లోకి వస్తాయి. మొదటిది: "పీట్ పో మట్టీ నక్కో." వీపుకు మట్టి అంటొద్దు. రెండు భుజాలూ నేలకానితే చిత్, ఆట అయిపోయింది. కాబట్టి పడేటప్పుడు గాలిలోనే తిరగాలి, పక్కకు పడాలి, బోర్లా పడాలి, ఏమీ కుదరకపోతే నెత్తి మీద నిలబడి మెడను వంతెన చెయ్యాలి. మెడ కోసమే రోజూ అరగంట. పొద్దున సాధనయ్యాక ఆయన ఒక్కొక్కరినీ వెనక్కి తిప్పి చూసేవాడు. వీపు ఎర్రగా ఉన్నవాడికి మర్నాడు పార.

రెండోది: "జో ఉఠాయా, ఉసీచ్ కీ జిమ్మేదారీ." ఎవడు ఎత్తాడో వాడిదే పూచీ. ధోబీపాట్ అనే పట్టు ఉంది. ఎదుటివాడి చేతిని మన భుజం మీదుగా లాగి, చాకలి బట్టను బండకేసి కొట్టినట్టు ముందుకు విసరాలి. చాలా అందమైన పట్టు, చాలా ప్రమాదం కూడా. విసిరినవాడు ఆ చేతిని ఆఖరుదాకా వదలకూడదు. వదిలితే కిందివాడు తల మీద పడతాడు. పట్టి ఉంచితే భుజం మీద పడతాడు. మాకంటే నాలుగేళ్ళు పెద్దవాడొకడు ఒకసారి మధ్యలో చెయ్యి వదిలేశాడు. కింద పడ్డవాడికి ఏమీ కాలేదు, లేచి దులుపుకున్నాడు. ఉస్తాద్ మాత్రం ఆ పెద్దవాణ్ణి నెలరోజులు గుంతలో అడుగుపెట్టనియ్యలేదు. అంత మాత్రానికే అంత శిక్షా అని గొణుక్కున్నాం. గెలవడం, ఓడటం దంగల్ రోజు మాట; మిగతా మూడొందల అరవై రోజులూ ఎదుటివాడి మెడ నీ చేతిలో ఉంటుంది, నీ మెడ వాడి చేతిలో ఉంటుంది. అది ఆయన లెక్క.

మా తాలీంలోంచి ఒకబ్బాయి బోనాలకు పోతరాజు వేసేవాడు. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి బోనాలంటే తెలిసిందే కదా, ఇసుకేస్తే రాలదు. ఒళ్ళంతా పసుపు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎగరడానికి ఊపిరి కావాలి. ఆషాఢం రాకముందే ఉస్తాద్ వాడికి బైఠక్‌లు పెంచేవాడు, బాదం నూరి పాలల్లో కలిపి దగ్గరుండి తాగించేవాడు. జాతర రోజు గల్లీ మొదట్లో నిలబడి చూసి, "దమ్ అచ్ఛా హై" అని వెళ్ళిపోయేవాడు. ఊపిరి బాగుంది అని. అంతకు మించి ఆయనకు అందులో ఏమీ కనపడేది కాదనుకుంటాను.

ఆయన చెప్పే కథల్లో అన్నిటికంటే పెద్దది గామా పహిల్వాన్‌ది. విలాయత్‌లో గోరా పహిల్వాన్ గామాకు భయపడి మూడు గంటలు బోర్లా పడుకున్నాడని చెప్పేవాడు. ముసలాయన పెంచి చెప్తున్నాడనుకునేవాణ్ణి. చాలా ఏళ్ళకు చదివితే తెలిసింది, పెద్దగా పెంచలేదు. 1910 సెప్టెంబర్ 10న లండన్‌లో స్టానిస్లాస్ జిబిస్కో గామాతో రెండు గంటల ముప్ఫై నాలుగు నిమిషాలు పెనుగులాడి, అందులో ఎక్కువభాగం నేలను కరుచుకునే ఉన్నాడు. ఎవరూ గెలవలేదు. మళ్ళీ 17న తలపడాలంటే జిబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో మళ్ళీ కలిసినప్పుడు గామా నిమిషం లోపే చిత్ చేశాడు.

ఉస్తాద్‌కు తెలియని కథ ఒకటుంది. అదే జిబిస్కో మధ్యలో అమెరికాలో కుస్తీలు పట్టాడు. అప్పటికే అక్కడ ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకునే పద్ధతి వచ్చేసింది. వేన్ మన్ అని ఒక ఫుట్‌బాల్ ఆటగాణ్ణి ఛాంపియన్‌ను చేసి తిప్పుతున్నారు. అతనికి అసలు కుస్తీ పెద్దగా రాదు. 1925 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో జిబిస్కో అతనికి ఓడిపోవాలని ఒప్పందం. బరిలోకి దిగాక జిబిస్కో ఒప్పందం పక్కనపెట్టి నిజంగా కుస్తీ పట్టి, మన్‌ను ఎత్తి పడేసి గెలిచాడు. చదివేవాళ్ళు చాలామంది ఇక్కడ ఈల వేస్తారు, అబద్ధం మీద నిజం గెలిచిందని. నాకు మాత్రం మన్ గుర్తొస్తాడు. పట్టి ఉంచుతాడన్న నమ్మకంతో తన ఒంటిని ఇంకొకడి చేతికిచ్చాడు. చెయ్యి వదిలేశారు.

1990 డిసెంబర్‌లో అల్లర్లయ్యాయి. వంద మందికి పైగా పోయారు, చెన్నారెడ్డి ప్రభుత్వం పోయింది, మాకు వారాల తరబడి కర్ఫ్యూ. ఆ రోజుల గురించి సుధీర్ కక్కర్ 'ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్' అని పుస్తకం రాశాడు, 1996లో వచ్చింది. అందులో ఒక అధ్యాయం మొత్తం పహిల్వాన్ల మీదే. రెండు వైపులవాళ్ళతోనూ కూర్చుని మాట్లాడాడు. తాలీం, నిష్ఠ, బ్రహ్మచర్యం గురించి చెప్పిన నోటితోనే వాళ్ళు ఆ రాత్రుల గురించి కూడా చెప్తారు. తాము గూండాలం కాదనీ, తమవాళ్ళను కాపాడేవాళ్ళమనీ అనుకుంటారు. ఆ అధ్యాయం నేను ఒక్కసారే చదవగలిగాను. కక్కర్ మానసిక విశ్లేషకుడు కాబట్టి మనసులోకి చూస్తాడు. నాకు కనపడేది ఇంకొంచెం మోటు సంగతి. పదేళ్ళు బాదంపాలు పోసి పెంచిన ఒంటికి మా బస్తీలో ఉద్యోగం లేదు. దంగల్‌లో గెలిస్తే తలపాగా, వెండి గద, కొంచెం డబ్బు. ఆ ఒళ్ళు కావాల్సినవాళ్ళు మాత్రం వేరే ఉన్నారు: కిరాయిదారును ఖాళీ చేయించాల్సినవాడు, ఖాళీ జాగా చుట్టూ గోడ కట్టాల్సినవాడు, ఎలక్షన్‌లో నిలబడ్డవాడు. అట్లా పహిల్వాన్ అన్న మాట మెల్లగా మా దగ్గర వేరే అర్థానికి జారిపోయింది. మా తాలీంలో నాతో జోర్ చేసినవాళ్ళలోనే ఒకడు తర్వాత ఒక జీపులో వెనక సీట్లో కనిపించేవాడు. నన్ను చూసి చెయ్యి ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి.

కర్ఫ్యూ ఎత్తేశాక ఫిబ్రవరిలో తాలీంకు పోయాను. మట్టి గచ్చులా బిగుసుకుపోయి ఉంది. ఉస్తాద్ ఒక్కడే గట్టు మీద కూర్చున్నాడు. "ఖోద్నే వాలే నైఁ బేటా" అన్నాడు. తవ్వేవాళ్ళు లేరు. ఆ పొద్దు ఇద్దరం చెరో పార పట్టుకుని సగం గుంత తవ్వాం. ఇంటికి పోయేసరికి నాయిన కొట్టుకు పోకుండా నా కోసం కూర్చుని ఉన్నాడు. ఎర్రమట్టి చూసి ఏమీ తిట్టలేదు. "ఇగ సాలు" అన్నాడు. అంతటితో నా తాలీం అయిపోయింది. ఆ జాగాలో ఇప్పుడు పెళ్ళికొడుకుల షేర్వానీలు అద్దెకిచ్చే దుకాణముంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మేనల్లుడు జలంధర్ పోతానంటున్నాడు. ఖలీ అక్కడ 2015 నుంచి ఒక కుస్తీ బడి నడుపుతున్నాడు. డబ్ల్యూడబ్ల్యూఈలో చేరాలనుకునే పిల్లలు దేశం నలుమూలల నుంచీ అక్కడికి పోతున్నారు. వీడు చిన్నప్పుడు నా దగ్గరున్న పాత ట్రంప్ కార్డులన్నీ అరగదీశాడు. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలిలో జాన్ సీనా వచ్చిన రోజు టికెట్ నాతోనే కొనిపించాడు. స్టేడియమంతా గొంతులు చించుకుంటుంటే నేను వాళ్ళు పడటం చూస్తున్నాను. ప్రతివాడూ వీపు మీదే పడుతున్నాడు! గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు రెండు పక్కలా చాచి, అరచేతులతో నేలను చరిచి, వీపంతా ఒకేసారి ఆనేట్టు. దెబ్బ ఒకచోట పడకుండా ఒళ్ళంతా పంచుకోవడం అది. కింద పలచటి మెత్త, దాని కింద చెక్కలు, ఇనుప దూలాలు. శబ్దం నాటకం కాదు. ఆ బళ్ళల్లో మొదటి పాఠం కూడా అదేనట, పడటం. ఉస్తాద్ చూస్తే ఆ స్టేడియంలో ఉన్న పహిల్వాన్లందరికీ మర్నాడు పార ఇచ్చేవాడు. కానీ విసిరేవాళ్ళ చేతులు చూడండి. ఆఖరుదాకా వదలరు. ఆయన మొదటి మాటను పూర్తిగా తిరగేసి, రెండో మాట మీదే బతికే ఆట అది. ఉత్తుత్తి కుస్తీ అని నవ్వేవాళ్ళు నవ్వనీ, తాలీంలో నాకు దొరికిన అసలు సరుకు మాత్రం అక్కడ కనపడింది.

మా చెల్లెకు ఇదేదీ ఎక్కదు. "పహిల్వాన్ అయితడంట అన్నా. రేపు పిల్లనెవరిస్తరు? పోలీసోళ్ళు ఊకుంటరా?" అంది. ఇది ఆ పహిల్వాన్ కాదమ్మా, టీవీలది అన్నాను. "నువ్వు పోయినప్పుడు కూడ గట్లనే అన్నవ్ నాయినతోటి" అంది. నిజమే, తాలీం అంటే చదువే కదా నాయినా అని వాదించాను అప్పట్లో. బావ మధ్యలో దూరి, డిగ్రీ పరీక్షలు రాసి పొమ్మనండి, రాయకపోతే నేనే ఎత్తి పడేస్తా అన్నాడు. అట్లా తేలింది. మే నెలలో పరీక్షలు, జూన్‌లో రైలు. ఫీజులో సగం నేను ఇస్తానన్నాను. మిగతా సగం చెల్లె ఇస్తుందని నాకు తెలుసు, ఇంకా ఒప్పుకోలేదంతే.

ఈలోపు వాడు సాయంత్రాలు మేడ మీద పాత పరుపొకటి వేసుకుని పడటం నేర్చుకుంటున్నాడు. నేను పక్కన కూర్చుని గడ్డం, గడ్డం అని అరుస్తుంటాను. చెయ్యి ఎప్పుడు చరచాలో నాకు తెలియదు గానీ, మెడ సంగతి తెలుసు. మొన్న పదో పన్నెండో సార్లు పడ్డాక కింద పోర్షన్‌లో ఉండే పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "ఏందయ్యా, పైన పసుపు దంచుతున్నరా? చెప్తే నేను గూడ తెచ్చుకుందును" అంది.