నొప్పులప్పుడు తోడు

ఆపరేషన్‌కు ముహూర్తం చీటీ పట్టుకొని వచ్చే అత్తల మీద నాకు కోపం రాదు. "మేడం, బేస్తారం పొద్దుగాల తొమ్మిదిన్నర లోపల తియ్యుండ్రి, నక్షత్రం మంచిగున్నదట" అని అడిగే ఆమె కూడా బిడ్డ మేలు కోరే అడుగుతుంది. చీటీ పక్కన పెట్టి కాసేపు మాట్లాడిస్తే అసలు సంగతి బయటపడుతుంది. "పిల్ల నొప్పులకు ఓర్వదు మేడం." ఓర్వదని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ఆ వాడలో, ఆ చుట్టాల్లో నొప్పులు పడి కన్న పడుచుపిల్లలే ఈమధ్య లేరు. చూడనిదాని మీద భయం పెరుగుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 100 కాన్పుల్లో 21 పెద్ద ఆపరేషన్లు. తెలంగాణలో 60 దాటాయి. కరీంనగర్ జిల్లాలో 82 దాటాయి. దీనికి కారణం ఇక్కడి ఆడవాళ్ల శరీరాల్లో లేదు. తొలిచూలు నొప్పులు పన్నెండు, పద్నాలుగు గంటలు సాగడం మామూలే. అంతసేపు పక్కన ఉండే మనిషి నర్సింగ్ హోంలో ఉండరు. ఒక్క డాక్టరే అటు ఓపీ, ఇటు థియేటర్ చూసుకోవాలి. నడుమ ఏదన్నా జరిగితే బంధువులు మీద పడతారన్న భయం ఒకటి. అప్పుడు "మెడకు పేగు చుట్టుకున్నది" అన్న మాట పనికొస్తుంది. బొడ్డుపేగు మెడకు చుట్టుకోవడం నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో కనబడేదే. చాలావరకు బిడ్డ తల బయటికి రాగానే వేలితో తప్పించేస్తాం. అదొక్కటే కోతకు కారణం కాదు. ఈ మాట నా తోటి డాక్టర్లకూ తెలుసు.

అవసరమైనప్పుడు ఆ కోత ప్రాణాలు నిలబెడుతుంది, ఎన్నోసార్లు కళ్లారా చూశాను. నా బాధ మొదటి కోత గురించి. దాని లెక్క మూడో కాన్పులో తేలుతుంది.

అట్లా వచ్చిన ఒకామెకు ముందు రెండూ ఆపరేషన్లే. ఈసారి మాయ కిందికి, సరిగ్గా పాత కుట్టు మీదికి దిగి, గర్భసంచి గోడలోకి వేళ్లు తన్నినట్టు పాతుకుపోయింది. మాయ కిందికి దిగినవాళ్లలో మొదటి ఆపరేషన్ నాడు ఇట్లా పాతుకునే అవకాశం 100కు 3 ఉంటే, మూడో ఆపరేషన్ నాటికి 40 అవుతుందని 2006లో వచ్చిన అమెరికా అధ్యయనం లెక్క. బిడ్డను తీసిన తర్వాత మాయ ఊడిరాలేదు. రక్తం ఎక్కిస్తూనే ఉన్నాం, పోతూనే ఉంది. చివరికి గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. ఆమె బతికింది. మొదటిసారి ఎందుకు కోశారని అడిగితే "డేటు దగ్గరికొచ్చింది, నొప్పులు రాలేదని" అన్నది.

ఆదిలాబాద్‌లో పనిచేసిన రోజుల్లో చూసింది వేరు. కెరమెరి ఘాటు పైనున్న కొలాం గూడెం నుంచి వానాకాలంలో ఒక తల్లిని తెచ్చారు. ఇంట్లోనే కాన్పయింది, మాయ పడలేదు. వాగు పొంగింది. నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుంటూ వాగు దాటించి, రోడ్డు మీద ఆగిన 108 ఎక్కించారు. మా దగ్గరికి వచ్చేసరికి నాడి దొరకడం లేదు. కడుపుతో ఉన్నప్పుడే హిమోగ్లోబిన్ 6 గ్రాములని కార్డులో రాసి ఉంది. 11 ఉన్నామె తట్టుకోగల రక్తస్రావాన్ని 6 ఉన్నామె తట్టుకోలేదు. ట్రానెక్సామిక్ యాసిడ్ సూదిమందు మూడు గంటల లోపల పడితే రక్తం పోయి చనిపోయే తల్లులు తగ్గుతారని 2017లో పెద్ద పరిశోధన తేల్చింది. ఆ మూడు గంటలూ ఈమెకు వాగు ఒడ్డునే గడిచిపోయాయి. మాయ తీశాం, రక్తం ఎక్కించాం, నిలబడింది. ఆమె వెంట వచ్చిన ఆశ కార్యకర్త తడిచీరతో అట్లాగే గోడకు ఆనుకొని నిలబడి ఉంది. దారి పొడుగునా తల్లి పొత్తికడుపు రుద్దుతూనే వచ్చిందట. ఆ తల్లి బతకడంలో మాకంటే ముందు ఆమె చేయి ఉంది.

కరీంనగర్‌లో డాక్టర్లున్నా నొప్పుల పక్కన కూచునేవాళ్లు లేరు, కొండల మీద ఆశ కార్యకర్త తప్ప ఎవరూ లేరు. రెండు చోట్లా కొరత ఒక్కటేనని నాకు అనిపిస్తుంది.

దీనికి మందు కూడా కరీంనగర్‌లోనే మొదలైంది. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో ప్రభుత్వం ఇక్కడి జిల్లా ఆసుపత్రిలో 30 మంది స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫ్ శిక్షణ ప్రారంభించింది. మిడ్‌వైఫ్ దగ్గర కాన్పు ఎట్లా నడుస్తుందో చూస్తే తెలుస్తుంది. ఒక తొలిచూలు పిల్ల రాత్రంతా నడిచింది, పట్టుకొని గొంతుక్కూచుంది, చాయ తాగింది, "నా వల్ల కాదక్కా" అని ఏడ్చింది. నడుము రాస్తూ మిడ్‌వైఫ్ అక్కడే ఉంది. గర్భాశయ ద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు ఊపందుకున్నట్టని, గంటకో సెంటీమీటరు తెరుచుకోలేదని తొందరపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మిడ్‌వైఫ్ బిడ్డ గుండె వింటూ ఓపిక పట్టింది. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. నేను చేతికి గ్లవుజు కూడా తొడగలేదు. 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినా, నొప్పుల్లో విడవకుండా ఒకరు తోడుంటే కోతలు తగ్గుతాయనే తేలింది.

ఇట్లాంటి మనుషులు ఉట్నూరు, జైనూరు, కెరమెరి వైపు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట కూడా ఉండాలి. దానికి ముందు వాళ్లకు తలుపు గడియ పడే క్వార్టర్ ఇవ్వాలి. ఆక్సిటోసిన్ పాడవకుండా ఫ్రిజ్, కరెంటు పోతే దాన్ని నడిపే ఇన్వర్టర్ కావాలి. నెలలు నిండిన తల్లులను వాగులు పొంగకముందే కిందికి దించి ఉంచే చోటు, వెంట వచ్చినవాళ్లకు కూడా తిండి పెట్టే ఏర్పాటు కావాలి. ఇవన్నీ మృగశిర కార్తె లోపల కావాలి.