పదో వచనం

తెలుగు క్రైస్తవులకి కొత్త సంవత్సరం కార్డుతో మొదలవుతుంది. డిసెంబరు 31 రాత్రి తొమ్మిదీ పదీ మధ్య మందిరానికి చేరతాం. పాటలు, సాక్ష్యాలు, ప్రసంగం అయ్యేసరికి పన్నెండు కొడుతుంది. షేక్‌హ్యాండ్లు, కేకు ముక్కలు అయ్యాక ఒక స్టీలు పళ్లెంలో వాగ్దానం కార్డులు వస్తాయి. విజిటింగ్ కార్డంత అట్టముక్క. వెనక పువ్వో జలపాతమో బొమ్మ, దాని మీద బైబిల్ నుంచి ఒక వాక్యం. కళ్లు మూసుకుని తియ్యాలి. చేతికి ఏదొస్తే అదే ఆ ఏడాదికి మన వాగ్దానం. కొందరు ఎవరికీ చూపించరు. కొందరు పక్కవాళ్లది కూడా లాక్కుని చదువుతారు. మా అమ్మ ఇంట్లో అందరి కార్డులూ ఫ్రిజ్ మీద అంటిస్తుంది, పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల దాకా వరసగా.

దీన్ని చిలక జోస్యంతో పోల్చి నవ్వేవాళ్లున్నారు. నాతో పాటు సండే స్కూల్లో కూర్చున్న స్నేహితుల్లోనే ఉన్నారు. నాకు నవ్వు రాదు. ఏడాది పొడుగునా ఎవరూ ఒక మంచి మాట అనని మనిషి చేతిలో ఒక వాక్యం పెట్టి, ఇది నీకు అని చెప్పడం చిన్న సంగతేం కాదు. నా పేచీ అంతా కార్డు మీద అచ్చవని వాక్యాలతోనే.

పోయిన జనవరిలో నాకొచ్చింది యిర్మీయా 29:11. చర్చి ముఖం చూడనివాళ్లకి కూడా ఎక్కడో తగిలే ఉంటుంది. గోడ గడియారాల మీద, ఆటోల వెనక, వాట్సాప్ స్టేటస్‌లలో కనబడుతూనే ఉంటుంది. దేవుడు మన గురించి మంచి ఆలోచనలే పెట్టుకున్నాడు, రాబోయే రోజుల మీద ఆశ ఉంచుకోవచ్చు అని దాని సారం. నా పక్క కుర్చీలో కూర్చున్న అబ్బాయికి కూడా అదే వచ్చింది. షీట్లుగా అచ్చువేసి కత్తిరిస్తారు కాబట్టి ఒకే వాక్యం నలుగురైదుగురికి రావడం మామూలే. అతను అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు, చాలా ఏళ్లుగా. ఇద్దరం కార్డులు చూపించుకుని నవ్వుకున్నాం.

ఫిబ్రవరి మూడో వారంలో నా ఉద్యోగం పోయింది. పావుగంట వీడియో కాల్. అంతే. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, ఇలాంటి కథలు ఇప్పుడు హైదరాబాదులో ప్రతి అపార్ట్‌మెంట్లోనూ వినబడతాయి. ఆ తర్వాతి నెలల్లో రోజూ రాత్రి అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసేది.

"ఏమ్మా, ఏదన్నా సమాధానం వచ్చిందా?"

ఇంటర్వ్యూల సంగతి అడుగుతోందని తెలుసు. కానీ మా ఇంట్లో ఆ మాటకి రెండు అర్థాలు. బయట తెలుగులో సమాధానమంటే జవాబు. చర్చి తెలుగులో శాంతి. సండే స్కూల్లో పరీక్షల ముందు పాస్టరుగారు మీకు సమాధానం కలుగును గాక అని ప్రార్థన చేస్తే, అన్ని ప్రశ్నలకీ కలిగితే బాగుణ్ణని మేం గుసగుసగా జోకులేసుకునేవాళ్లం. నా కార్డు మీది వాక్యంలో కూడా ఆ మాట ఉంది. దేవుడి ఆలోచనలు సమాధానకరమైనవట. మెయిల్ పెట్టిన కంపెనీల నుంచి ఒక్క సమాధానమూ రాని వేసవిలో ఆ అట్టముక్కని చూస్తూ కూర్చుంటే, ఇందులో నాకు మాటిచ్చింది ఏ సమాధానం అన్న అనుమానం రాక మానదు.

చర్చిలో ఈ అనుమానానికి చోటు తక్కువ. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఒకటి ఉంటుంది. సాక్ష్యానికి ఒక వ్యాకరణం ఉంది. ప్రభువుకు స్తోత్రం, సంఘానికి వందనాలు అని మొదలవుతుంది. తర్వాత కష్టం వస్తుంది, అప్పో, ఆపరేషనో, పిల్లలు లేకపోవడమో. ఆ తర్వాత "కానీ దేవుడు" అనే మలుపు. దాని వెనకే ఫలితం: వీసా వచ్చింది, సైటు కొన్నాం, పాప పుట్టింది. అందరూ ఆమెన్ అంటారు, కీబోర్డు అందుకుంటుంది. క్రియలన్నీ భూతకాలమే. కష్టం మధ్యలో నిలబడి, ఇంకా అందులోనే ఉన్నానని చెప్పే సాక్ష్యం నేను ఒక్కసారే విన్నాను. ఆ సంగతి తర్వాత.

మధ్యలో ఉన్నవాళ్లకి ప్రార్థన మనవుల డబ్బా ఉంది. చీటీ రాసి అందులో వెయ్యాలి. మా సంఘంలో ఒక ఆంటీ ఉన్నారు. రెండు అపార్ట్‌మెంట్లలో వంట చేస్తారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి పని నుంచి నేరుగా, తడిసిన కొంగుతోనే వస్తారు. ప్రతి శుక్రవారం ఆమె చీటీలో ఒకటే మనవి, కొడుకు తాగుడు మానాలని. మొదట్లో ఆ చీటీ పైకి చదివి ప్రార్థన చేసేవారు. మూడేళ్లయ్యేసరికి ఆమె మనవి "ఇంకా ఇతర అవసరతల కోసం" అనే మాటలో కలిసిపోయింది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అన్నదల్లా ప్రేమగానే అన్నారు: విశ్వాసం కాస్త పెంచుకోవాలి సిస్టర్, ఇంట్లో ఏదైనా అడ్డు ఉందేమో చూసుకోండి.

ఆ ప్రేమ దగ్గరే నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఫలితం వస్తే విశ్వాసం ఉన్నట్టు, రాకపోతే మనిషిలోనే ఏదో తక్కువైనట్టు. ఇలా వెనక నుంచి ముందుకి లెక్కగట్టడం నాకు ఆఫీసులో బాగా పరిచయం. అప్రైజల్ అంటారు.

ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో యిర్మీయా పుస్తకం కార్డు సైజులో కాకుండా మొత్తం చదివాను. ఇరవై తొమ్మిదో అధ్యాయం ఒక ఉత్తరం. బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి చాలామందిని చెరపట్టి తీసుకుపోయాడు. ఊరుగాని ఊళ్లో ఉన్న వాళ్లకి యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం అది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని అతను గుడిలో జనం ముందు చెప్పాడు. ఏ సంఘమైనా అలాంటి బోధకుణ్ణే మళ్లీ మళ్లీ పిలుస్తుంది. యిర్మీయా కూడా ముందు ఆమెన్, అలాగే జరగాలి అన్నాడు. తర్వాత, అది జరగదు అన్నాడు.

ఎంత కాలమో ఉత్తరంలో రాశాడు. డెబ్బై ఏళ్లు. అది పదో వచనం. నా కార్డు మీది దానికి సరిగ్గా ముందుది.

అంటే ముప్ఫై ఏళ్ల వయసులో ఆ ఉత్తరం విన్న మనిషి తిరుగు ప్రయాణం చూడాలంటే నూరేళ్లు బతకాలి. మంచి ఆలోచనలు, రాబోయే కాలం, ఆశ, ఇవన్నీ విన్నవాళ్లలో చాలామంది అవేవీ కళ్లతో చూడకుండానే పోయేవాళ్లు. మరి వాళ్లని ఈలోగా ఏం చెయ్యమన్నాడు? ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు వేసుకుని కాయలు తినమన్నాడు, పెళ్లిళ్లు చేసుకోమన్నాడు, తమని బందీలుగా తెచ్చిన ఊరి క్షేమం కోసమే ప్రార్థన చెయ్యమన్నాడు. బబులోనులో షెమయా అనే ఆయనకి ఒళ్లు మండి, ఈ పిచ్చివాణ్ణి బొండలో వేయించకుండా ఊరుకున్నారేంటి అని యెరూషలేముకి ఎదురు ఉత్తరం రాశాడు. నాకు షెమయా మీద జాలే. ఇంకా చాలా రోజులు పడుతుంది అని చెప్పేవాణ్ణి ఎవరు భరిస్తారు?

పదో వచనం చదివాక పదకొండులో ఇంకో మాట కూడా మారిపోయింది. నిరీక్షణ. చర్చి తెలుగులో అది ఆశ. బయట తెలుగులో ఎదురుచూపు. సినిమా పాటల్లో, నవలల్లో ప్రియుడి కోసం చేసేది అదే. నా మటుకు నాకు ఆ రెండు అర్థాలూ ఒకే మాటలో ఉండటం తెలుగు చేసిన ఉపకారమే అనిపిస్తుంది.

ఎదురుచూసే మనిషి విలువ ఎంత అన్నది వేరే ప్రశ్న. మా ప్రార్థనలు దాదాపు అన్నీ "ఎన్నిక లేని మమ్మల్ని" అని మొదలవుతాయి. పనికిరాని పాత్రలం, అయోగ్యులం అని కూడా వస్తుంది. నా తోటివాళ్లకి ఇది చిరాకు. థెరపీ గురించి చదువుకున్న తరం కదా, పొద్దున్నే లేచి నేను పనికిరాను అనుకోవడమేంటి అంటారు. న్యాయమే. కానీ అవే మాటలు మా నాయనమ్మ అంటుంటే ఇంకోలా వినబడేవి.

నాయనమ్మ వాళ్లది ఒంగోలు వైపు పల్లె. ఆ ప్రాంతపు క్రైస్తవానికి 1876-78 కరువుతో ముడి ఉంది. అప్పుడు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని ఇచ్చాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు అయిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అప్పటికి కూలి లేదు, పంచే గింజలు లేవు. కూటి కోసమే అనేవాళ్లు ఇప్పటికీ అంటారు, తేదీలు చూడరు.

వాళ్లు దేని కోసం వచ్చారో నాకు నాయనమ్మని చూస్తే తెలిసేది. ఊళ్లో ఒసే తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. ఆమె పేరు పూర్తిగా రాసిన మొదటి కాగితం సంఘపు బాప్తిస్మాల రిజిస్టరు. ఆమె ప్రార్థన "ఎన్నిక లేని నన్ను" దగ్గర ఆగేది కాదు, "ఎన్నుకున్నావయ్యా" దాకా వెళ్లేది. మొదటి సగం ఊరు ఇచ్చిన తీర్పు. రెండో సగం దాని మీద కొట్టివేత. సిటీకొచ్చిన మేం మొదటి సగాన్ని అలాగే ఉంచుకుని, రెండో సగం చోట వీసానీ ప్రమోషన్‌నీ పెట్టుకున్నాం. అవి రాని ఏడాది, ప్రార్థన మొదటి సగంలోనే ఆగిపోతుంది.

నేనుండే కూడలిలో లేబర్ అడ్డా ఉంది. ఉద్యోగం లేని నెలల్లో పొద్దున్నే నడకకి వెళ్లి రోజూ చూసేదాన్ని. టిఫిన్ క్యారియర్లు, పారలు. మేస్త్రీ బైకు ఆగగానే పదిమంది చుట్టూ మూగుతారు, బలంగా ఉన్నవాళ్లు వెళ్లిపోతారు. పదింటికి ఇంకా మిగిలేది వయసు మళ్లినవాళ్లు, చంటిపిల్లతో వచ్చిన తల్లి, కాలు కాస్త ఈడ్చే ఒకతను. లింక్డిన్‌లో నా ఫొటో చుట్టూ కూడా పనికి సిద్ధం అని చెప్పే పచ్చని వలయం ఉండేది. పోలిక కాస్త అతిగానే ఉంది, ఒప్పుకుంటా. నాకు కొన్ని నెలల జీతం చేతికొచ్చింది, వాళ్లకి ఆ పూట కూలి పోతే పొయ్యి వెలగదు.

మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని కథ ఇలాంటి అడ్డాలోనే జరుగుతుంది. తెల్లారి కొందరిని పనికి పిలుస్తాడు, తర్వాత కొందరిని, సాయంత్రం అయిదింటికి కూడా వెళ్లి ఇంకా నిలబడే ఉన్నవాళ్లని పిలుస్తాడు. చివరికి అందరికీ ఒక్కో దేనారం, అంటే అప్పటి రోజు కూలి. ముసలితనంలో మారుమనసు పొందినవాడికీ పరలోకం ఉంది అని ప్రసంగాల్లో దీన్ని వివరిస్తారు. పొద్దుట్నుంచీ ఎండలో చేసినవాళ్లు గొడవపడతారు. యూనియన్ లెక్కలో వాళ్లదే న్యాయం, యజమాని జవాబు నాకు ఇప్పటికీ పూర్తిగా రుచించదు. కానీ అయిదింటి దాకా అడ్డాలో మిగిలేది ఎవరో చూశాక కథ అటువైపు నుంచి వినబడింది. ఎందుకు ఊరికే నిలబడ్డారని యజమాని అడిగితే, ఎవరూ పిలవలేదంటారు. విశ్వాసం పెంచుకోమని అతను అనడు. ఇంట్లో ఏదన్నా అడ్డు ఉందేమో చూసుకోమనీ అనడు. ఇంటికి ఒక రోజు తిండి ఎంతో అంతా చేతిలో పెడతాడు.

నవంబరులో నాకు ఉద్యోగం దొరికింది. పాతదాని కన్నా జీతం తక్కువ, కానీ ఉద్యోగమే. అమ్మ ఏడ్చేసింది. వెంటనే, సాక్ష్యం చెప్పు, వాగ్దానం నెరవేరింది కదా అంది. పాస్టరుగారు కూడా అడిగారు. నాకు అశోక్‌నగర్ అబ్బాయి గుర్తొచ్చాడు. అదే వాక్యం, అదే షీటు నుంచి కత్తిరించిన కార్డు. నా ఉద్యోగం ఆ కార్డు నెరవేరడమైతే, అతని జేబులో ఉన్నది ఏంటి? నేను మైకు పట్టుకుని "కానీ దేవుడు" అనగానే వెనక వరసలో ఆంటీ ఏమైపోతారు? కృతజ్ఞత లేక కాదు. ఉంది, చాలా ఉంది. దాన్ని చెప్పడానికి ఆ వ్యాకరణం నాకు పనికిరావడం లేదు. వచ్చే వారం చెప్తానండీ అంటూ నెట్టుకొచ్చాను.

డిసెంబరు రెండో ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆంటీ లేచి నిలబడ్డారు. ఏదో జరిగిందనుకుని అందరూ అటు తిరిగారు. మైకు ఇచ్చారు.

"ప్రభువుకు స్తోత్రం. సంఘానికి వందనాలు. మావాడు ఇంకా తాగుతున్నాడు అయ్యగారూ. రాత్రి కూడా తాగొచ్చాడు. అన్నం పెట్టాను, తిన్నాడు. నేను మందిరానికొచ్చాను. అంతే అయ్యగారూ."

కూర్చున్నారు. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. కీబోర్డు అబ్బాయి చెయ్యెత్తి, మళ్లీ దించేశాడు. మగవాళ్ల వైపు నుంచి ఒక ముసలాయన మాత్రం మెల్లగా, స్తోత్రం, అన్నారు. పాస్టరుగారు మైకు తీసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మీ అబ్బాయి పేరేంటమ్మా, అని అడిగారు.

ఆమె చెప్పారు.